కృష్ణలో కారు

మా కారు కృష్ణానదిలో పోతోంది. నా ఒళ్లో ఉన్న లాప్‌టాప్ చెబుతున్న సంగతి అది. తలెత్తి చూస్తే మాత్రం కుడిపక్క దూరంగా ఏరు, ఎడమపక్క అరటి తోటలు, చక్రాల కింద శుభ్రంగా కరకట్ట రోడ్డు. స్టీరింగ్ పట్టుకున్న బాబాయి తెర వైపు ఓ చూపు పడేసి, "ఒరేయ్, మనం పడవ ఎప్పుడెక్కాంరా?" అన్నాడు.

ఫోన్ ఉండగా లాప్‌టాప్ మోసుకెళ్లడం ఏమిటని పిన్ని బయల్దేరేముందే అడిగింది. తప్పంతా బాబాయి ట్రంకు పెట్టెది. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు ఆయన. ఆ పెట్టెలో అంగుళానికి మైలు లెక్కన గీసిన పాత సర్వే పటం ఒకటి దొరికింది. అందులో మా ఊరు ఇంకా బెజవాడే. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ లేదు, దాని చోట పాత ఆనకట్ట గీత ఉంది. దాన్ని స్కాన్ చేయించి, క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, విజయవాడ నుంచి అమరావతి దాకా మా కారు ఆ పటం మీద చుక్కలా కదులుతుంటే చూడాలని నా సరదా. ఇందులో దారి వెతుక్కునే అవసరమేమీ లేదు. బాబాయికి కరకట్ట కళ్లు మూసుకున్నా తెలుసు.

లాప్‌టాప్‌లో సాధారణంగా జీపీఎస్ ఉండదు. అగ్గిపెట్టె అంత రిసీవర్ కొని యూఎస్‌బీకి తగిలించాను. అది సెకనుకోసారి అక్షాంశం, రేఖాంశం, టైము, అందుతున్న ఉపగ్రహాల సంఖ్య కామాలతో కలిపి ఒక్కో వరుసగా పంపుతుంది. ఎన్‌ఎంఈఏ అంటారు ఆ భాషని. ముందురోజు రాత్రి గంటసేపు ఒక్క వరుసా రాలేదు. సాఫ్ట్‌వేర్ 4800 వేగంతో వింటోంది, రిసీవర్ 9600తో మాట్లాడుతోంది. ఆ ఒక్క అంకె మార్చగానే గలగలా వచ్చి పడ్డాయి.

పొద్దున సెల్లార్‌లో కారెక్కి చూస్తే మళ్లీ చుక్క లేదు. వరుసలు వస్తున్నాయి గానీ లోపల అన్నీ ఖాళీ కామాలే. నెత్తిన అయిదంతస్తుల శ్లాబుంటే 20 వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే సిగ్నల్ ఎలా అందుతుంది? రోడ్డు మీదికొచ్చి ఓ పక్కన ఆగాం. ప్రతి ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి తిప్పి తిప్పి చెబుతుంటుంది. కనీసం నాలుగింటి మాట పూర్తిగా వినేదాకా రిసీవర్ నోరు విప్పదు. ఫోన్‌కి ఆ వివరాలు నెట్‌లో ముందే వచ్చేస్తాయి కాబట్టి మనకి ఈ నిరీక్షణ అలవాటు తప్పింది. చుక్క వెలిగేసరికి బాబాయి టీ తాగి వచ్చాడు.

బ్యారేజీ మీద ఎండ సరిగ్గా తెర మీదే పడింది. ఏమీ కనపడక తలమీదా లాప్‌టాప్ మీదా కలిపి తువ్వాలు కప్పుకున్నాను. పక్కన బండి మీద వెళ్తున్నాయన "ఆవిరి పడుతున్నారా?" అని అడిగాడు. ఒకసారి స్పీడ్ బ్రేకర్ దగ్గర కేబుల్ వదులైంది. ఉండవల్లి గుహలు దాటాక కూడా చుక్క సీతానగరంలోనే ఆగిపోయింది. మళ్లీ తగిలిస్తే ఒక్క దూకు దూకి వచ్చింది. రావడం రావడమే నీళ్లలోకి.

వెంకటపాలెం దాటాక ఓ వేపచెట్టు కింద కారు ఆపించాను. రిసీవర్ చెడిందేమోనని నా టెన్షన్. పాత పటం తీసేసి, ఇంట్లో నెట్ నుంచి దించుకున్న ఇప్పటి పటం, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, పెట్టాను. చుక్క చక్కగా కరకట్ట మీదే ఉంది. పాత పటం పెడితే వాయవ్యంగా 200 మీటర్లు జరిగి ఏట్లో పడుతోంది. అంటే చుక్కది తప్పు కాదు.

అప్పుడు వెలిగింది. మన పాత సర్వే పటాలు ఎవరెస్ట్ 1830 అనే లెక్కతో గీసినవి. భూమి ఆకారానికి ఆనాటి కొలత అది. లెక్కకి మొదలు మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్. జీపీఎస్ లెక్క డబ్ల్యూజీఎస్ 84, దానికి మొదలు భూమి కేంద్రం. రెండింట్లోనూ డిగ్రీలు, నిమిషాలే ఉంటాయి గానీ ఒకే అంకె ఒకే చోటుని చూపదు. నేనేమో పటం మూలల్లోని అంకెలు చూసి, డబ్ల్యూజీఎస్ అని టిక్కు పెట్టేశాను.

"మా రోజుల్లోనూ ఇంతేరా. ఏ రాయి నుంచి గొలుసు పట్టావో రాయకపోతే కొలిచిన కొలతంతా దండగ," అన్నాడు బాబాయి. ఇంత తేలిగ్గా చెప్పే మాట ముందే చెప్పొచ్చుగా!

పటం లెక్కని కల్యాణ్‌పూర్‌కి మార్చాను. చుక్క ఏరు దిగి గట్టెక్కింది. స్కాన్‌లో కాగితం మడత పడిన చోట మాత్రం అటూ ఇటూ ఊగింది. దానికి సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది?

అమరావతిలో అమరేశ్వరుడి దర్శనం, స్తూపం, మ్యూజియం, ఎండలో రెండు చల్ల గ్లాసులు. లాప్‌టాప్ కారులోనే ఉండిపోయింది. చార్జి కూడా పదిహేను శాతమే ఉంది మరి.

తిరుగు దారిలో ఆ మిగిలిన చార్జి బ్యారేజీ కోసం దాచాను. సీతానగరం దగ్గర మూత తెరిచాను. పొద్దు వాలింది, తువ్వాలు అక్కర్లేదు. పటంలో లేని బ్యారేజీ మీదుగా మా చుక్క నీలం రంగు నీళ్లు దాటుతోంది. బాబాయి వేగం బాగా తగ్గించాడు. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నా పట్టించుకోలేదు. "ఆ ఆనకట్ట 1952లో తెగినప్పుడు మా నాన్న ఒడ్డున నిలబడి చూశాట్ట. ఎక్కడ నిలబడ్డాడో చూపించగలదా నీ పెట్టె?" అన్నాడు.

చూపించలేదన్నాను. తెర ఆరిపోయేదాకా ఇద్దరం ఆ గీత వైపే చూశాం. ఇంటికొచ్చాక, వచ్చేవారం హంసలదీవి దాకా పోదాం, ఈసారి కారు సాకెట్ నుంచి చార్జింగ్ పెట్టుకునే ఇన్వర్టర్ కొనుక్కో అన్నాడు. తువ్వాలు కూడా పెద్దది తెమ్మన్నాడు.