గుమ్మడి పాదాలు

పొద్దున్నుంచి ముసురే. కార్తీకంలో మనకిది మామూలే, తిరుపతికి నీళ్ళిచ్చేవి ఈశాన్య రుతుపవనాలే కదా. కపిలతీర్థం జలపాతం ఉరకలేస్తోందట, మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పారు. నా దిగులంతా మిద్దె మీద తీగకు ఆరేసిన ఫ్లీసు గుడ్డల గురించి, అవే, దుప్పట్లకు వాడే మెత్తటి పాలిస్టర్ బట్ట. అవి ఆరకపోతే రేపు గుమ్మడి కింద పరచడానికి పొడి గుడ్డ ఉండదు.

గుమ్మడి, చిట్టి మా ఇంట్లో ఉండే గినీ పిగ్‌లు, తోకలేని చిన్న పెంపుడు జంతువులు. కొర్లగుంటలో తెలిసినవాళ్ళు బెంగుళూరుకి బదిలీ అయి వెళ్తూ పంజరంతో సహా మాకిచ్చి పోయారు. ఆ పంజరం అడుగంతా ఇనప తీగల వల. పెంటికలు కిందికి రాలిపోతాయి, శుభ్రం చేయడం తేలికని అలా చేస్తారు. మనిషికి తేలికే, కానీ దాని మీద బతకాల్సినదానికి నరకం. గినీ పిగ్ అరికాలికి బొచ్చుండదు. వెనక కాళ్ళు మడిచి కూర్చుంటే మడమ దాకా పాదమంతా నేలకు ఆనుతుంది. ఆ ఒళ్ళంతా సన్నటి తీగల మీద మోపితే చర్మం ఏమవుతుంది? చిట్టి తేలిక కాబట్టి తప్పించుకుంది. గుమ్మడి కిలో రెండొందల గ్రాములు దాటింది. దాని వెనక పాదాలు రెండూ ఎర్రగా కంది, మడమ దగ్గర నున్నగా మెరుస్తున్నాయి.

ఆ వల ఇప్పుడు లేదు. చదునైన ప్లాస్టిక్ అడుగు, దాని మీద నీరు పీల్చే మందపాటి గుడ్డ, ఆపైన ఫ్లీసు. ఫ్లీసులో తడి నిలవదు, కిందికి దిగిపోతుంది. పాత నూలు చీరలైతే మెత్తగా ఉంటాయి గానీ ఉచ్చ పట్టుకుని అలాగే తడిగా ఉండిపోతాయి. తువ్వాలు పోగులు లేస్తే గోళ్ళు చిక్కుకుంటాయి. వరిగడ్డి పరిస్తే ఆ మొనలు గుచ్చుకుంటాయి.

మధ్యాహ్నం మందు వేళ. పశువైద్య కళాశాల ఆసుపత్రిలో డాక్టరుగారు పాదాలు వేలితో నొక్కి చూసి, పుండు పడలేదు, ఎముకకు పోలేదు, ఈ అరికాలి జబ్బుకి ఇది మొదటి దశే అన్నారు. ఆ మాట విన్నాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. చర్మం పగిలితే స్టెఫిలోకోకస్ అనే బాక్టీరియా ఆ సందులోంచి దూరి లోపల వాపు, చీము తెస్తుందట. స్నాయువులకూ ఎముకకూ పాకితే నెలల తరబడి వైద్యం చేసినా నయమవుతుందన్న భరోసా లేదట. అందుకే ఈ ఎర్రదనం దగ్గరే దాన్ని ఆపాలి.

గోరువెచ్చటి నీళ్ళలో గాయాలు కడిగే మందు పోవిడోన్ అయోడిన్ చుక్కలు వేస్తాను, పలచటి టీ రంగు వచ్చేదాకా. పాప గుమ్మడిని ఒళ్ళో పెట్టుకుని, ఒక చేయి ఛాతీ కిందా ఒకటి వెనకా ఆనిస్తుంది. నేను పాదాలు ఆ నీళ్ళలో కాసేపు ఉంచి, మెత్తటి గుడ్డతో అద్ది, వేళ్ళ సందులు కూడా పొడిగా తుడుస్తాను. రుద్దకూడదు. అది మొదట గింజుకుంటుంది, తర్వాత కొత్తిమీర కాడ నోట్లోకి రాగానే సర్దుకుంటుంది. ముందు పాదం పక్కన గట్టి మొలకలాంటిది చూసి పాప భయపడింది. అది నొప్పి కాదు, కొన్నిటికి వయసుతో వచ్చే గట్టి చర్మమే.

అత్తమ్మ పక్కన కూర్చుని చూస్తూ, "ఏమ్మా, కొంచెం వేపనూనె పూస్తే పోయేదానికి ఇంత తంటా ఎందుకు?" అన్నారు. అది నాకుతుంది కదత్తమ్మా అన్నాను. ఆమె ఊరుకోలేదు, వంగి పంజరం మూల చెయ్యి పెట్టి తడిమారు. "ఇదో, ఈ మూల తడిగా ఉండాది. ఇది ఎప్పుడూ ఈడనే కూర్చుంటుంది. మా కొట్టంలో ఎద్దుకు గిట్ట పుండైతే మా నాయన ముందు నేల ఆరబెట్టేవాడు, మందు తరవాత." వంద వైద్య పుస్తకాల పెట్టు ఆ మాట. ఉచ్చ ఊరే మూల చర్మాన్ని నానబెడుతుంది, నానిన చర్మమే ముందు పగులుతుంది. ఆ మూలకి విడిగా చిన్న గుడ్డ వేశాను. పూటపూటకీ దాన్నొక్కటి మార్చితే చాలు, ఈ వానల్లో అంతా ఉతికి ఆరేసే పని తగ్గుతుంది.

పక్కింటావిడ మంచి మనసుతోనే వాళ్ళ బాబుకి మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ తెచ్చిచ్చింది. తీసుకోలేదు. పెన్సిలిన్ జాతి మందు నోట్లో పోస్తే గినీ పిగ్ పేగుల్లోని మంచి బాక్టీరియా చచ్చి, విషం పుట్టించేవి పెరిగి, ప్రాణమే పోవచ్చు. ఇంట్లో ఇవి ఉన్నవాళ్ళెవరికైనా ఈ ఒక్క సంగతి తప్పకుండా చెప్పాలనిపిస్తుంది.

సాయంత్రం కాస్త తెరిపిచ్చింది. రైతుబజారుకి పోయి క్యాప్సికం, జామకాయలు, కొత్తిమీర తెచ్చాను. మనుషుల్లాగే వీటి ఒంట్లోనూ విటమిన్ సి తయారు కాదు, రోజూ తిండిలో అందాల్సిందే. కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు. అది తగ్గితే చర్మం బలహీనపడుతుంది, గాయం మానదు. విటమిన్ సి చుక్కల మందు తాగే నీళ్ళలో కలిపితే వెలుతురుకి సత్తువ పోతుంది, రుచి మారి అవి నీళ్ళే సరిగా తాగవు. క్యాప్సికం ముక్క నేరుగా పెట్టడం మేలు. జామ కొద్దిగానే, తీపి ఎక్కువైతే గుమ్మడి ఇంకా బరువెక్కుతుంది. గడ్డి మాత్రం ఎంతైనా తినొచ్చు. గడ్డి బుట్టను పంజరం అవతలి చివరకు మార్చాను, తిండి కోసమైనా నాలుగడుగులు వేస్తుందని.

గుడ్డలు ఇంట్లోకి తెచ్చి ఫ్యాను కింద వేశాను. ఇక గుమ్మడి గోళ్ళ సంగతి. ముందు కాళ్ళకు నాలుగేసి, వెనక కాళ్ళకు మూడేసి, మొత్తం పద్నాలుగు గోళ్ళు. వెనకవి వంకర తిరుగుతున్నాయి, దాంతో పాదం పక్కకు ఒరిగి బరువంతా మడమ మీద పడుతోంది. రేపు పగటి వెలుతురులో లోపలి ఎర్ర నరం చూసుకుంటూ కొసలు కత్తిరించాలి. పట్టుకోవడానికి పాప ఒప్పుకుంది.