కాలింది ఒకటి, కాల్చింది ఇంకొకటి

పదకొండు రోజుల తర్వాత నిన్న సాయంత్రం మా ఇండక్షన్ స్టవ్ మీద అమ్మ పాలు కాచింది. చేతులకి సోల్డర్ వాసన ఇంకా పోలేదు. మర్చిపోకముందే రాసేస్తున్నా.

ఆ రోజు కరెంటు రెండు మూడుసార్లు పోయి వచ్చింది. చివరిసారి వచ్చినప్పుడు స్టవ్‌లోంచి టప్‌మని చప్పుడొచ్చి మెయిన్ బోర్డులో ఎంసీబీ (దానంతటదే ఆఫయ్యే స్విచ్చు) పడిపోయింది. మర్నాడు సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లా. కౌంటర్లో కుర్రాడు ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. "బోర్డు పోయింది సార్, 1,950" అన్నాడు. ఏ పార్టు పోయిందో చెప్పు బాబూ అన్నా. "పార్టులు మార్చం, బోర్డే మారుస్తాం" అని వెనక్కి తిరిగి, "అంకుల్ సొంతంగా చేస్కుంటాడంటరా" అన్నాడు. లోపలున్న ముగ్గురూ నవ్వారు. చెకింగ్ చార్జీ అని 250 తీసుకున్నారు, రసీదు ఇవ్వలేదు.

నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి. మా వీధిలో పాడైన టేప్ రికార్డర్లన్నీ ఒకప్పుడు నా చేతిమీదే బాగయ్యాయి. ఆ నవ్వు నాకు రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. 2022 డిసెంబరులో కేంద్రం రిపేర్ హక్కు కోసం పోర్టల్ కూడా పెట్టింది. ఇక్కడ చూస్తే పోయిన పార్టు పేరు చెప్పడానికే మనసొప్పదు.

విప్పి చూస్తే ఫ్యూజు గాజు లోపల నల్లగా మాడిపోయింది. ఐజీబీటీ, అంటే కాయిల్‌కి వెళ్లే కరెంటుని తెంచి కలిపే స్విచ్చులాంటి పార్టు, దాని మూడు కాళ్ల మధ్యా మీటరు కుయ్‌మంటోంది, అంటే పూర్తి షార్ట్. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి బాగానే ఉంది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఫ్యూజు, ఐజీబీటీ రెండూ తెచ్చా. ఐజీబీటీ హెచ్20ఆర్1203, 60 రూపాయలు. పాతది పీకి, వేడిని లాగేసే హీట్‌సింక్‌కి పేస్టు రాసి, కొత్తది బిగించా. 100 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేస్తే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. ఆరిపోయిందంటే షార్ట్ లేదనే లెక్క. ధైర్యంగా బల్బు తీసేసి, గిన్నెలో నీళ్లు పెట్టి 1200 వాట్లు నొక్కా.

పది సెకన్లు. మళ్లీ టప్. అమ్మ వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది.

ఇక్కడే నాకు నాలుగు రోజులు పోయాయి. మొదట కొట్టువాణ్ణి తిట్టుకున్నా, నకిలీ అంటగట్టాడని. నకిలీలు నిజంగానే ఉన్నాయి. పాత ముక్కల మీద అక్షరాలు గీకేసి కొత్త నంబరు కొడతారు. అందుకే మరీ చవగ్గా ఇస్తానన్న చోట కొనకండి. ఈసారి ఇంకో కొట్టుకెళ్లి 140 పెట్టి కొన్నా. అక్కడ కూర్చున్న పెద్దాయన, "రెండోది కూడా పోయిందా అన్నా? సచ్చినోణ్ణి మారుస్తా కూసుంటే ఎట్ల, సంపినోణ్ణి పట్టుకోవాలె" అన్నాడు. మొత్తం వ్యవహారంలో నాకు పనికొచ్చిన మాట అదొక్కటే.

కొత్తది బిగించకుండా బోర్డు ముందేసుకుని కూర్చున్నా. 230 వోల్టుల కరెంటు బ్రిడ్జి దాటాక సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది. ఐజీబీటీ దాన్ని సెకనుకి 20 వేలకు పైగా సార్లు తెంచి కలుపుతుంది. తెంచిన ప్రతిసారీ కాయిల్, దాని పక్కనున్న 0.3 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిసి వోల్టేజీని వెయ్యి దాకా ఎగదోస్తాయి. ఐజీబీటీకి 1200 వోల్టులు తట్టుకునే రేటింగ్ ఉండేది అందుకే. ఆ వోల్టేజీ దిగాకే మళ్లీ ఆన్ అవ్వాలి. దిగిందని కంట్రోల్ చిప్‌కి చెప్పేవి కాయిల్ దగ్గర్నుంచి వరుసగా వచ్చే పెద్ద విలువ రెసిస్టర్లు. అవి తప్పు చెబితే వేళ కాని వేళ ఆన్ అయి ఐజీబీటీ పేలిపోతుంది. సిరీస్ బల్బు ఈ తప్పుని పట్టలేదు.

0.3 కెపాసిటర్ కొలిచా, బాగుంది. 18 వోల్టుల సప్లై ఉంది. ఐజీబీటీని ఆన్, ఆఫ్ చేసే కాలుని (గేటు) నడిపే ట్రాన్సిస్టర్లు 8050, 8550 రెండూ సరిగ్గా ఉన్నాయి. ఇక రెసిస్టర్లు. వాటి మీద రంగు చారలు నారింజ, నారింజ, పసుపు: అంటే 330 కిలో ఓములు. బోర్డు మీద ఉండగా కొలిస్తే పక్క దారుల వల్ల విలువ తగ్గి కనిపించొచ్చు గానీ ఎక్కువ చూపిస్తే ఆ రెసిస్టర్ పోయినట్టే. మొదటిది 318. రెండోది 321. మూడోది 1.9 మెగా ఓములు! మీటరు తప్పేమోనని పిన్నులు తుడిచి మళ్లీ పెట్టా. అదే అంకె. ఒక కాలు ఊడదీసి కొలిచా, అయినా అంతే. పైకి చూస్తే కొత్తదానిలా నిగనిగలాడుతోంది, ఎక్కడా మాడిన మచ్చ లేదు.

ఆ వరుసలో ఆరింటికి ఆరూ 2 వాట్లవి వేశా, ఒక్కోటి 2 రూపాయలు. ఫ్యూజు, 140 పెట్టిన ఐజీబీటీ బిగించా. నీళ్లు ఏడు నిమిషాల్లో మరిగాయి. అరగంట అలాగే నడిపి, హీట్‌సింక్ దగ్గర ఫ్యాను తిరుగుతోందో లేదో చూసి, అప్పుడు పిలిచా అమ్మని.

మీరూ చేద్దామనుకుంటే ఒక్క మాట. ప్లగ్గు పీకేశాక కూడా బ్రిడ్జి తర్వాత ఉండే పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు, బల్బు తగిలించి ఖాళీ చేశాకే చెయ్యి పెట్టండి. ప్లగ్గులో ఉన్నంతసేపు ఆ బోర్డు గ్రౌండ్ కూడా మెయిన్ కరెంటే, ముట్టుకోవద్దు.

రెండు ఫ్యూజులకి 20, ఐజీబీటీలకి 200, రెసిస్టర్లకి 12. మొత్తం 232 రూపాయలు, బస్సు చార్జీలు కాక. పోయిన రెసిస్టర్‌ని అగ్గిపెట్టెలో పెట్టి ఉంచా. శనివారం ఆ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి కౌంటర్ మీద పెడతా. ఆ 250కి రసీదు కూడా అడుగుతా.