శరీర పునరుత్థానమును నమ్ముచున్నాను

మా నాన్నగారి భూస్థాపన రోజున, పెట్టె మూత వేయడానికి ముందు, చివరిసారిగా ఆయన చేతిని పట్టుకున్నాను. కుడి చూపుడు వేలి మీద ఆయన చిన్నప్పుడెప్పుడో తెగిన గాయం తాలూకు మచ్చ అలాగే ఉంది. నేను ఆ చేతిని వదలలేకపోవడం చూసి, బంధువుల్లో ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా, ఇది ఖాళీ గుడారమే, ఆయన ఇందులో లేరు, ఈ దేహంతో ఆయనకు ఇక పని లేదు" అన్నారు. ఆయన ప్రేమతో అన్న మాట అది, అందులో సగం నిజం కూడా ఉంది. మిగిలిన సగమే నన్ను నెలల తరబడి వదలలేదు. ఎందుకంటే అంతకు కొద్ది నిమిషాల ముందే మేమందరం నిలబడి, విశ్వాస ప్రమాణంలో "శరీర పునరుత్థానమును, నిత్యజీవమును నమ్ముచున్నాను" అని పలికాము. దేహంతో ఇక పని లేదన్న మాటనూ, దేహం లేస్తుందన్న మాటనూ ఒకే పెట్టె ముందు ఎలా పలుకుతున్నామో ఆ రోజు వరకు నేను ఆలోచించలేదు.

ఆ పెద్దాయన వాడిన గుడారమనే పోలిక అపొస్తలుడైన పౌలుది. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక అయిదవ అధ్యాయంలో మన శరీరాన్ని ఆయన గుడారమనే పిలుస్తాడు. అయితే ఇంటికి వచ్చి ఆ అధ్యాయాన్ని నిదానంగా చదివినప్పుడు, ఆ పోలికతో పౌలు చెప్పదలచుకున్నది మనం సమాధుల దగ్గర చెప్పుకునే దానికి దాదాపు ఎదురుగా ఉందని గమనించాను. గుడారంలో ఉండి మూలుగుతున్నాం నిజమే, కాని దాన్ని తీసివేయాలని కాదు, దానిపైన మరొకటి ధరించుకోవాలనే మన కోరిక, "మర్త్యమైనది జీవముచేత మ్రింగివేయబడునట్లు" అంటాడు ఆయన. శరీరాన్ని విప్పి పారేసి తేలికపడిన ఆత్మ కాదు ఆయన కోరుకుంటున్నది. వస్త్రం లేనివాడిగా నిలబడడం ఆయనకు ఇష్టం లేదు. మరణం మన శరీరాన్ని మింగుతుందని మనకు తెలుసు, కాని జీవమే మరణాన్ని మింగుతుందన్నది ఆయన నిరీక్షణ.

శరీరం చెర, ఆత్మ అందులోని ఖైదీ, చావు విడుదల అనే తలంపు గ్రీకు తత్వవేత్తలలో, ముఖ్యంగా ప్లేటో వంటివారిలో, బలంగా ఉండేది. పౌలు ఏథెన్సులో బోధించినప్పుడు వినేవారు ఎక్కడ వరకు ఓపికగా విన్నారో అపొస్తలుల కార్యముల గ్రంథం పదిహేడవ అధ్యాయం చెబుతుంది. దేవుడు చేతులతో చేసిన ఆలయాలలో నివసించడన్నప్పుడు విన్నారు, ఆయనయందే మనం బ్రతుకుతున్నామన్నప్పుడూ విన్నారు, మృతుల పునరుత్థానమన్న మాట రాగానే కొందరు అపహాస్యం చేశారు. ఆత్మ చావదని చెప్పి ఉంటే వారిలో చాలామందికి అది కొత్త మాటే కాదు. పాతిపెట్టిన దేహాన్ని దేవుడు లేపుతాడన్నదే వారికి మింగుడుపడలేదు.

ఇక్కడ తెలుగు మాటల విషయం కొంచెం చెప్పాలి. పునరుత్థానం, పునర్జన్మ అనే రెండింటిలోనూ 'పునః' ఉండడం వల్ల అవి ఒకే నమ్మకానికి రెండు పేర్లని కొందరు అనుకుంటారు. పునర్జన్మలో ఒకే జీవి శరీరం తర్వాత శరీరం మారుస్తూ పోతుంది కనుక ఏ ఒక్క శరీరమూ ఆ జీవికి శాశ్వతంగా చెందదు. పునరుత్థానంలో మనిషికి ఒకే జననం, ఒకే మరణం, ఆ మనిషే తన శరీరంతో తిరిగి లేవడం. మరొకరిగా పుట్టడం కాదు కనుక నాన్నగారు నాన్నగారిగానే లేస్తారు. యోహాను సువార్త అయిదవ అధ్యాయం ప్రకారం మేలు చేసినవారూ, కీడు చేసినవారూ అందరూ సమాధులలోనుండి బయటికి వస్తారు, అంటే దేహంలో జరిగిన దానికి దేహంతోనే లెక్క చెప్పవలసి ఉంటుంది. ఆ సంగతిని మనం భూస్థాపనలప్పుడు తలచుకోవడానికి ఇష్టపడం.

చనిపోయి తిరిగి బ్రతకడానికీ, పునరుత్థానానికీ మధ్య మరొక తేడా కూడా ఉంది. బేతనియలో నాలుగు దినాలు సమాధిలో ఉన్న లాజరు యేసు పిలవగానే బయటికి వచ్చాడు, కాని ప్రేతవస్త్రాలతో కట్టబడే వచ్చాడు, ఎవరో వచ్చి ఆ కట్లు విప్పవలసి వచ్చింది. పైగా ఆ తర్వాతి అధ్యాయంలోనే ప్రధానయాజకులు అతనిని కూడా చంపాలని ఆలోచించారని రాసి ఉంది. అతడు తిరిగి వచ్చింది పాత జీవితంలోకే, మళ్లీ చావగలిగిన జీవితంలోకే. యేసు సమాధిలో మాత్రం నారబట్టలు పడి ఉన్నాయి, తలరుమాలు వేరుగా చుట్టిపెట్టి ఉంది, విప్పడానికి ఎవరూ రాలేదు. లాజరు మరణంనుండి వెనక్కి వచ్చాడు, యేసు మరణాన్ని దాటి అవతలికి వెళ్లాడు. క్రైస్తవులు తమకోసం ఎదురుచూసేది ఈ రెండవదే. అందుకే పౌలు క్రీస్తును "నిద్రించినవారిలో ప్రథమఫలము" అన్నాడు. ప్రథమఫలం కోతలో మొదటి భాగం, మిగతా పంట కూడా వస్తుందని చెప్పే భాగం.

ఈ మాట ఉన్న కొరింథీయుల మొదటి పత్రిక పదిహేనవ అధ్యాయాన్ని నేను ఈ ఏడాదిలో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. యేసు సిలువ మరణం తర్వాత ఇరవై సంవత్సరాలు దాటిన కాలంలో, దాదాపు క్రీ.శ. 53-55 ప్రాంతంలో, పౌలు ఎఫెసునుండి ఈ పత్రిక రాశాడని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. లేచిన ప్రభువును చూసినవారి జాబితా ఒకటి అందులో ఉంది. కేఫా (అంటే పేతురు), పన్నెండుగురు శిష్యులు, ఒకే సమయంలో అయిదువందల కంటే ఎక్కువమంది సహోదరులు, యాకోబు, అపొస్తలులందరు, చివరికి తాను. ఆ అయిదువందల మందిలో ఎక్కువమంది ఇంకా బ్రతికే ఉన్నారని ఆయన ప్రత్యేకంగా చెబుతాడు, అంటే వెళ్లి అడగవచ్చునన్నమాట. ఆ వెంటనే తన పీకమీదికి తానే కత్తి తెచ్చుకున్నట్టుగా, క్రీస్తు లేపబడకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థం అంటాడు. తన నమ్మకం ఎక్కడ కూలిపోగలదో అంత స్పష్టంగా వేలుపెట్టి చూపిన మనిషిని నేను గౌరవించకుండా ఉండలేను.

అయితే లేచే శరీరం ఎటువంటిది? కొరింథులో ఎవరో ఇదే ప్రశ్న వేశారు, పౌలు విత్తనాన్ని చూపించాడు. నీవు విత్తేది వట్టి గింజ, పైకి వచ్చేది మొక్క. గింజనూ మొక్కనూ పక్కపక్కన పెడితే పోలిక కనబడదు, అయినా ఆ గింజ లేకుండా ఆ మొక్క లేదు. ఈ పోలికలో రెండు సంగతులు కలిసి ఉన్నాయి. ఒకటి మార్పు, ఊహకు అందనంత మార్పు. మరొకటి కొనసాగింపు, తెగిపోని కొనసాగింపు. క్షయమైనదిగా విత్తబడేదీ, అక్షయమైనదిగా లేపబడేదీ ఒకటే. ఆయన వాడిన "ఆత్మసంబంధ శరీరము" అనే మాటను పట్టుకుని, చూశారా, అది గాలి వంటి శరీరమే కదా అని కొందరు అంటారు. నూనె దీపమంటే నూనెతో చేసిన దీపం కాదు, నూనెతో వెలిగే దీపం. ఆత్మసంబంధ శరీరం కూడా ఆత్మతో చేసిన శరీరం కాదు, దేవుని ఆత్మ చేత బ్రతికే శరీరం అని నేను గ్రహించాను. గ్రీకు మూలాన్ని పరిశీలించిన వ్యాఖ్యాతలలో చాలామంది ఈ అర్థాన్నే సమర్థిస్తారు.

సువార్తలు చెప్పేది కూడా ఈ రెండు వైపులా ఉంది. మగ్దలేనే మరియ ఆయనను చూసి తోటమాలి అనుకుంది, పేరు పెట్టి పిలిచిన తర్వాతనే గుర్తుపట్టింది. తలుపులు మూసి ఉండగానే ఆయన శిష్యుల మధ్య నిలిచాడు. అదే సమయంలో, భూతమేమో అని వారు భయపడితే, నన్ను పట్టి చూడండి అన్నాడు, వారిచ్చిన కాల్చిన చేప ముక్క వారి ఎదుటే తిన్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా, తోమాకు చూపించడానికి ఆయన చేతులలో మేకుల గురుతులు ఉన్నాయి. మరణాన్ని జయించిన శరీరం, ఇక ఎన్నడూ చావని శరీరం, ఆ గాయాలను ఎందుకు ఉంచుకుంది? ఉంచుకున్నవి నొప్పిగా కాదు, చరిత్రగా. ఆ గాయాలు లేకపోతే లేచినవాడు సిలువ మీద చనిపోయినవాడే అని తోమాకు ఎలా తెలుస్తుంది? అయిదవ శతాబ్దంలో అగస్టీను అనే బిషప్పు, దేవుని పట్టణం గురించిన తన గ్రంథం చివరి భాగంలో, హతసాక్షుల, అంటే విశ్వాసం కోసం చంపబడినవారి, శరీరాల మీద వారి గాయాల గురుతులు అప్పుడు కూడా ఉండవచ్చునని, అవి వికారం కాదు, గౌరవమని రాశాడు. అది చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. నాన్నగారి వేలి మచ్చ హతసాక్షి గాయం కాదని తెలుసు, అయినా నా ఆలోచన దాని మీదికే వెళ్లింది.

ఈ నమ్మకం క్రైస్తవంతో పుట్టినది కాదు. హెబ్రీ లేఖనాలలో చాలా భాగం మృతుల గురించి తక్కువే మాట్లాడుతుంది. పాతాళమంటే మౌనం, అక్కడ స్తుతి లేదని కీర్తనలు విలపిస్తాయి. దానియేలు గ్రంథం పన్నెండవ అధ్యాయంలో మాత్రం మంటిలో నిద్రిస్తున్న అనేకులు మేలుకొంటారన్న మాట స్పష్టంగా వినబడుతుంది. కతోలికుల, ఆర్థొడాక్సుల బైబిలులో ఉన్న మక్కబీయుల రెండవ గ్రంథం ఏడవ అధ్యాయంలో, అంతియోకస్ రాజు హింసలో ఒక తల్లి ఎదుటే ఆమె ఏడుగురు కుమారులు ఒకరి తర్వాత ఒకరు చంపబడతారు. మూడవవాడు తన చేతులు చాపి, వీటిని పరలోకంనుండి పొందాను, మళ్లీ ఆయన దగ్గరనుండే పొందుతానని నమ్ముతున్నాను అంటాడు. యేసు కాలానికి యూదుల మతవర్గాలలో పరిసయ్యులు ఈ నమ్మకాన్ని గట్టిగా పట్టుకున్నారు, సద్దూకయ్యులు కాదన్నారు. ఏడుగురిని వరుసగా పెళ్లాడిన స్త్రీ పునరుత్థానంలో ఎవరి భార్య అనే కథతో యేసును ఇరికించాలని సద్దూకయ్యులు చూసినప్పుడు ఆయన మండుతున్న పొద దగ్గర దేవుడు మోషేతో అన్న మాట గుర్తు చేశాడు. అబ్రాహాము దేవుడను, ఇస్సాకు దేవుడను, యాకోబు దేవుడను అన్నవాడు మృతులకు కాదు, సజీవులకే దేవుడు.

దేహం మిగలనివారి సంగతేమిటన్న ప్రశ్న కూడా పాతదే. క్రీ.శ. 177లో, నేటి ఫ్రాన్సులోని లియోన్‌లో క్రైస్తవులను చంపినవారు ఆ శవాలను ఆరు దినాలు బయటే పడేసి, తర్వాత కాల్చి, బూడిదను రోన్ నదిలోకి ఊడ్చివేశారని సంఘ చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరచిన లేఖ చెబుతోంది. వీరికి పునరుత్థానమనే ఆశ లేకుండా చేయాలన్నదే వారి ఉద్దేశమని కూడా అందులో ఉంది. హింసించినవారు క్రైస్తవుల నమ్మకాన్ని సరిగానే అర్థం చేసుకున్నారు, దేవుని శక్తికి మాత్రం నది అడ్డుపడుతుందనుకున్నారు. మంటినుండి మొదట చేసినవానికి బూడిదనుండి మళ్లీ చేయడం కష్టమా? కతోలిక సంఘం 1963లో దహనాన్ని అనుమతించినప్పుడు, పునరుత్థానాన్ని తిరస్కరించే ఉద్దేశం లేనంతవరకు అన్న షరతు పెట్టడం వెనుక ఉన్నది ఈ ఆలోచనే.

మరి ఈ రోజుకు, పునరుత్థాన దినానికి మధ్య నాన్నగారు ఎక్కడ ఉన్నారు? దీని మీద సంఘాలు ఒక మాట మీద లేవు. కతోలికులు శుద్ధీకరణ స్థలం గురించి చెబుతారు, కొందరు మృతులు ఏమీ ఎరుగని నిద్రలో ఉంటారంటారు, ప్రొటెస్టెంటులలో ఎక్కువమంది విశ్వాసి వెంటనే ప్రభువు సన్నిధికి చేరతాడని నమ్ముతారు. నేను ఈ చివరి మాటనే పట్టుకున్నాను, ఎందుకంటే పక్కన వేలాడుతున్న నేరస్థుడితో యేసు "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు. కనుక ఆ పెద్దాయన చెప్పిన సగం నిజం ఇదే, నాన్నగారు ఇప్పుడు ప్రభువుతో ఉన్నారు. కాని అది కథ ముగింపు కాదు, ఎదురుచూపు. నిరీక్షణ అనే మాటకు వాడుకలో ఎదురుచూడడమని అర్థం, తెలుగు బైబిలులో ఆశ అని అర్థం. సమాధి దగ్గర ఆ రెండర్థాలూ ఒకటవుతాయి. ఎదురుచూస్తున్నది మేము మాత్రమే కాదు, ఆయన కూడా.

దుఃఖపడవద్దని ఎవరైనా అంటే ఇప్పుడు నాకు తడబాటు లేదు. థెస్సలొనీకయులకు పౌలు రాసింది దుఃఖపడవద్దని కాదు, నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని. లాజరును కొద్దిసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. మరణం మంచి స్నేహితుడైతే, దేహం పారేయదగిన గుడారమైతే, ఆ కన్నీళ్లకు అర్థం లేదు. మరణాన్ని పౌలు కడపటి శత్రువు అన్నాడు, శత్రువు దెబ్బకొట్టినప్పుడు ఏడవడం అవిశ్వాసం కాదు.

మొన్న సమాధి రాయి మీద ఏమి రాయించాలన్న మాట ఇంట్లో వచ్చింది. "పరమునకు వెళ్లిపోయిరి" అని ఒకరు సూచించారు, అది తప్పు కాదు. కాని శ్మశానవాటికకు తొలినాటి క్రైస్తవులు వాడిన గ్రీకు మాటకు పడుకునే చోటు అని అర్థమని అమ్మకు చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, పెట్టెలో ఆయన చేతులు ఎలా పెట్టారని అడిగింది, ఆ సమయంలో తాను చూడలేకపోయిందట. కుడి చెయ్యి పైన ఉందని చెప్పాను. అయితే "నిద్రించుచున్నారు" అనే రాయించు అంది.