స్పెయిన్ లోయలో ఐదు వేల ఉత్తుత్తి సమాధులు

"మామయ్యా, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకూడదు. లోపల ఎవరూ లేని సమాధులు చూడటానికి తెనాలి నుంచి ఇంత దూరం వచ్చావా?"

మాడ్రిడ్‌లో చదువుకుంటున్న మా అక్క కొడుకు కారు నడుపుతూ అడిగాడు. స్పెయిన్ ఉత్తరాన ఉన్న బుర్గోస్ నగరంలో రాత్రి బస చేసి, పొద్దున్నే శాంతో దొమింగో దె సీలోస్ అనే ఊరికి బయలుదేరాం. ఆ పక్క లోయలోనే శాడ్ హిల్ శ్మశానం ఉంది. 1966లో 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' చివరి ఘట్టం కోసం స్పెయిన్ సైనికుల చేత కట్టించిన సెట్టు అది. దాదాపు ఐదు వేల సమాధులు. ఒక్కదానిలోనూ ఎవరూ లేరు.

వాడికి ఏం చెప్పను? ఎనిమిదేళ్ల వయసులో నేల టికెట్టు కొని 'మోసగాళ్లకు మోసగాడు' చూసినవాడిని. 1971లో వచ్చిన సినిమా. ఆరుద్ర రచన, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, రాజస్థాన్ ఎడారి. కృష్ణ ఊరు బుర్రిపాలెం మాకు కూతవేటు దూరం కాబట్టి, గుర్రం మీద టోపీ పెట్టుకుని పోతున్నవాడు మా వీధివాడే అన్నంత సంబరం. ఆ ఏడు దీపావళికి కొన్న రీళ్ల తుపాకి సంక్రాంతి దాకా నా నడుముకే ఉంది. ఆ టోపీ పుట్టిల్లు ఏదో చాలా ఏళ్లకు తెలిసింది. సెర్జియో లియోనే అనే ఇటలీ దర్శకుడు 1964 నుంచి 1966 వరకు ఏడాదికొకటి చొప్పున విడుదల చేసిన మూడు కౌబాయ్ సినిమాలు మనవాళ్లకు స్ఫూర్తి. ఆ మూడింట్లో మొదటిదానికేమో 1961లో కురొసావా తీసిన జపాను కత్తివీరుడి సినిమా మూలం. జపాను కత్తి ఇటలీవాళ్ల చేతిలో తుపాకి అయింది, స్పెయిన్ దుమ్ములో దొర్లింది, చివరికి తెనాలి హాల్లో పేలింది.

ముందురాత్రి హోటల్ గదిలో మేనల్లుడిని కూర్చోబెట్టి ఆ మూడింట్లో చివరిదైన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' చూపించాను. కథ ఒక్క ముక్కలో చెప్పవచ్చు. అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా ముగ్గురు ఒక శ్మశానంలో పాతిపెట్టిన బంగారం కోసం బయలుదేరతారు. వాళ్లలో ఒకడికి శ్మశానం పేరే తెలుసు, ఇంకొకడికి సమాధి మీది పేరే తెలుసు. అందుకే ఒకరినొకరు చంపుకోలేరు. మొదటి పది నిమిషాలు ఎవరూ నోరు విప్పరు. "వీళ్లకు మాటలు రావా?" అని మావాడు ఫోను తీశాడు. మధ్యలో రెండుసార్లు ఆవలించాడు. చివర ముగ్గురూ ఆ గుండ్రని బయలులో నిలబడ్డాక, ఎన్నియో మోరికోన్ సంగీతం మొదలయ్యాక, ఓరకంట చూశాను. ఫోను మంచం మీద బోర్లా ఉంది.

సీలోస్ మఠంలో అరగంట ఆగాం. రాతి స్తంభాల వరండా, నడుమ నిటారుగా ఒకే ఒక సరుగుడులాంటి చెట్టు. ఈ మఠం సన్యాసుల కీర్తనల ఆల్బమ్ 1994లో ప్రపంచమంతా అమ్ముడుపోయిందంటారు. బాగుంది కానీ నా మనసు అక్కడ లేదు. తరువాత మట్టిదారి. ముందురోజు వాన పడినట్టుంది, చక్రాలు జారుతున్నాయి. ఒక చీలిక దగ్గర నేనే పెద్దరికం చేసి ఎడమకు తిప్పించాను. తీరా చూస్తే గొర్రెల కొట్టం. వెనక్కు వచ్చి, కారు ఆపి, నడిచాం.

లోయ మలుపు తిరగగానే కనిపించింది. నడుమ చదును రాళ్లు పరిచిన గుండ్రని బయలు. దాని చుట్టూ వలయాలు వలయాలుగా మట్టి దిబ్బలు, ఒక్కో దిబ్బ మీద ఒక్కో చెక్క సిలువ. ఆ వెనక కొండవాలంతా పొట్టి పొట్టి చెట్లు. పైన రాబందులు చుట్లు కొడుతున్నాయి. వాటిని ఎవరూ అద్దెకు తేలేదు.

షూటింగ్ అయ్యాక ఈ చోటును అందరూ మరిచిపోయారు. రాళ్ల మీద మన్ను చేరింది, గడ్డి మొలిచింది, పశువులు మేశాయి. 2015లో చుట్టుపక్కల సినిమా పిచ్చివాళ్లు కొందరు సంఘంగా చేరి పారలతో తవ్వడం మొదలుపెట్టారు. మిగిలిన దేశాల నుంచి కూడా జనం వచ్చి మన్ను మోశారు. ఖర్చుల కోసం ఒక ఉపాయం చేశారు: 15 యూరోలు ఇస్తే ఒక సిలువ మీద మీ పేరు రాస్తారు. అందుకే ఇక్కడి సమాధుల మీద ఉన్నవి చాలావరకు బతికున్నవాళ్ల పేర్లు. వరసలు పట్టుకుని తెలుగు పేరు కోసం వెతికాను. కనబడలేదు.

"నీ పేరు రాయించనా?" అన్నాడు మేనల్లుడు. చెయ్యి జేబు దాకా వెళ్లింది. బతికుండగా సమాధి మీద పేరేమిటని లోపల మా అమ్మ గొంతు గద్దించింది. చెయ్యి వెనక్కు వచ్చింది.

ఆ ముగ్గురిలో ఒకడుగా వేసిన ఎలై వాలక్ ఈ సమాధుల మధ్య పిచ్చివాడిలా పరుగెత్తే సన్నివేశం ఉంది. నేనూ పరుగెత్తాను. ఒక్క చుట్టుకే ఆయాసం వచ్చి కూలబడ్డాను. సాక్సుల నిండా ముళ్లు.

లేచి మావాడిని రాళ్ల బయలు అవతలి అంచున నిలబెట్టి, ఇవతలి అంచున నేను నిలబడ్డాను. అంత దూరం నుంచి వాడొక టీషర్టు, అంతే. కళ్లు కనబడవు, చెయ్యి ఎటు కదులుతోందో తెలియదు. తెర మీద మాత్రం హీరో క్లింట్ ఈస్ట్‌వుడ్ కనురెప్ప ముడుచుకోవడం కూడా చూశాం. దాదాపు ఐదు నిమిషాల పాటు మాట లేకుండా, ఈ విశాలాన్నీ ఆ కళ్లనూ మార్చి మార్చి చూపిస్తాడు లియోనే. తుపాకులు పేలేది చివరి క్షణంలో, అదీ కాస్తే. నాకు ఈ సినిమాల్లో ఇష్టమైనది ఆ ఎదురుచూపే.

కొత్తగా చూసేవాళ్లు దీనితో మొదలుపెట్టకండి. ముందు 1965 నాటి 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' చూడండి. జేబు గడియారంలో పాట ఆగగానే కాల్చాలి, అదీ అందులోని పందెం. ఆ తరువాత అమెరికావాళ్ల 'హై నూన్'. 1952లో వచ్చింది. మధ్యాహ్నం రైలుకు దిగే శత్రువు కోసం ఒక్కడే ఎదురుచూసే గ్యారీ కూపర్, గోడ మీద గడియారాలు. కథలో గడిచే సమయమూ మనం కూర్చునే సమయమూ దాదాపు ఒకటే. జాన్ ఫోర్డ్ తీసిన 'ది సెర్చర్స్' (1956) అందంలో వీటన్నిటినీ మించినది. అయితే అక్కడి మూలవాసులను ఆ కాలపు సినిమాలు చూపించిన తీరు నాకు మింగుడుపడదు, అందులోనూ ఆ ఇబ్బంది ఉంది. ఏదైనా సరే, ఫోనులో మాత్రం చూడకండి.

తిరిగి వెళ్తూ అర్లాంజా నది దాటాం. సినిమాలో పేల్చేసే వంతెనను ఈ నది మీదే కట్టారు. సైగ పొరపాటున అందడంతో కెమెరాలు తిరగకముందే అది పేలిపోయింది, సైన్యం మళ్లీ కట్టి ఇచ్చింది. ఈ సంగతి చెబితే మావాడు కారు పక్కకు ఆపి మరీ నవ్వాడు.

అప్పుడే అక్క ఫోను చేసింది. ఎక్కడున్నారంటే వాడు ఉన్నమాట చెప్పేశాడు: "శ్మశానం నుంచి వస్తున్నామమ్మా."

అది ఉత్తుత్తి శ్మశానమని, సినిమా సెట్టని, లోపల ఎవరూ లేరని ఇద్దరం పావుగంట వివరించాం. అంతా విన్నది.

"సరే, ఇద్దరూ తలస్నానం చేసి గానీ అన్నం ముట్టకండి" అంది.

బుర్గోస్ చేరగానే చేశాం.