నీళ్లు తాగుతూనే ఉన్నాను

కిందటి రోహిణీ కార్తెలో నాకు వడదెబ్బ తగిలిందని వీధంతా అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. కాదని రక్తపరీక్ష తేల్చింది.

రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కర్నూలులో, కల్లూరు వైపు ఇల్లు కట్టుకుంటున్నాను. స్లాబు వేశారు. దాని మీద మట్టి గట్లు పోసి మడుల్లో నీళ్లు నిలబెట్టాలి. ఆ ఎండకు పొద్దున పెట్టిన నీళ్లు మధ్యాహ్నానికే ఇగిరిపోయేవి. ఎవరి పనీ నచ్చని మనిషిని కనుక పైపు నేనే పట్టుకున్నాను, వరుసగా మూడు రోజులు. పక్కన అయిదు లీటర్ల క్యాను, సాయంత్రానికి ఖాళీ. ఇంటికి వచ్చాక మళ్లీ చెంబులు చెంబులు. ఎండాకాలం నీళ్లు బాగా తాగాలని బడిలో ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పినవాడిని, నాకు ఆ మాత్రం తెలియదా?

మేస్త్రి ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వబోతే, "నాకు బీపీ ఉందప్పా, వద్దు" అన్నాను. ఇంట్లో పప్పులో కూడా ఉప్పు తగ్గించి ఏడాదైంది.

మూడో రోజు రాత్రి పిక్కలు పట్టేశాయి. తలనొప్పి, రెండు వాంతులు. వడదెబ్బకు ఒళ్లు 40 డిగ్రీలు దాటి కాలిపోతుంది, నాదేమో చల్లగానే ఉంది. నా భార్య ఇంకో చెంబు నీళ్లు తాగించింది, పాపం. తెల్లవారేసరికి కొడుకును పట్టుకుని "మేస్త్రీ, మడులు నింపారా?" అని పదిసార్లు అడిగానట. నాకేమీ గుర్తులేదు.

ఆసుపత్రిలో చూస్తే రక్తంలో సోడియం, అంటే ఉప్పులో ఉండేదే, 118. ఉండాల్సింది 135 నుంచి 145. చెమటతో నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది, నేను నీళ్లు మాత్రమే తిరిగి పోసుకున్నాను. పైగా నా బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే మందు ఉంది, అది ఉప్పును మూత్రంలోకి తోస్తుంది. ఒంట్లో ద్రవం తగ్గుతోందని పసిగట్టిన మెదడు, నీటిని వదలవద్దని మూత్రపిండాలకు హార్మోను పంపుతుంది. అలా తాగిన నీళ్లు లోపలే ఉండిపోయి, మిగిలిన ఉప్పునూ పలచన చేశాయి. రక్తం అలా పలచబడితే నీరు కణాల్లోకి చేరుతుంది. మెదడు కణాలూ ఉబ్బుతాయి, పుర్రె మాత్రం సాగదు. నా వాంతులకూ వాగుడుకూ కారణం అదే.

త్వరగా ఉప్పు ఎక్కించమని కొడుకు తొందరపెడితే డాక్టరు ఒప్పుకోలేదు. సోడియం అంకెను రోజుకు ఎనిమిదికి మించి పెంచితే మెదడు నరాల పైపొర దెబ్బతినవచ్చట. 124, 130, 134... గంటలు లెక్కపెట్టుకుంటూ రక్తం తీశారు. దాహమంటే మామూలు నీళ్లు కొలిచి ఇచ్చారు. నీళ్ల కోసం అంతగా బతిమాలుకుంటానని ఎన్నడూ అనుకోలేదు.

ఇంటికి వచ్చాక మూడు వారాలు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. తెలిసిన పేర్లు నాలుక చివర ఆగిపోయేవి. బీపీ మాత్ర మార్చారు. ఉప్పు తగ్గించమన్న మాట అలాగే ఉంది, ఎండలో తిరగాల్సిన రోజు ఏది ఎంత తాగాలో మాత్రం కాగితం మీద రాయించుకున్నాను. ఓఆర్ఎస్ లీటరులో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. ఆ తీపి రుచికి కాదట, గ్లూకోజు తోడుంటే పేగు ఉప్పును చురుగ్గా లాక్కుంటుందట. రసాయనశాస్త్రం చెప్పిన నాకే అది కొత్త.

మేస్త్రి చూడటానికి వచ్చాడు. నేను పడుకున్న రోజుల్లో మడులు ఎవరు నింపారని అడిగాను.

"మేమే సార్. మీరు లేరు కదా, పని తొందరగా అయిపోయేది."