అదే బండ, రాత్రీ పగలూ

రాత్రి ఓరియంటీరింగ్ రేసు, అంటే మ్యాప్, కంపాస్ పట్టుకుని అడవిలో జెండాలు వెతుక్కుంటూ పరిగెత్తే ఆట. ఏడో కంట్రోల్, అంటే ఏడో జెండా, ఇక్కడే ఎక్కడో ఉండాలి. హెడ్‌ల్యాంప్ వెలుగులో పైన్ చెట్ల మొదళ్లు తప్ప ఏమీ కనబడవు. 18 నిమిషాలు అదే గుట్ట చుట్టూ తిరిగాను.

చివరికి బాట మలుపు దాకా వెనక్కి వెళ్లి, కంపాస్ సరిచూసుకుని, అడుగులు లెక్కపెడుతూ మళ్లీ వచ్చాను. బండ వెనకాల నారింజ, తెలుపు జెండా! వేలికున్న చిప్‌ని అక్కడున్న పెట్టెలో పెట్టగానే బీప్. ఆ చప్పుడుకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇవాళ పగటి రేసు కూడా ఆ గుట్ట పక్కనుంచే. బండ మా ఊరి రామాలయం అరుగంత ఉంది. రాత్రి దీన్నెలా దాటిపోయానో!

ఇక్కడ స్వీడన్‌లో ఓరియంటీరింగ్ మొదలుపెట్టిన కొత్తలో మ్యాపే అర్థమయ్యేది కాదు. హాయిగా పరిగెత్తగలిగే అడవి తెలుపు, ఖాళీ నేల పసుపు, దూరలేని గుబురు ఆకుపచ్చ. ఇప్పుడు తెలుపు కనిపిస్తే చాలు, కాళ్లు వాటంతటవే కదులుతాయి.

చీకటంటే భయం పోలేదు. కానీ ఆ బీప్ తర్వాత ఒక్క క్షణం లైటు ఆపి నిలబడ్డాను. గాలి, నా ఊపిరి, అంతే. ఆ క్షణం కోసం మళ్లీ వెళ్తాను.

"రాత్రిపూట అడవిలో నీకేం పనే తల్లీ?" అంది అమ్మ ఫోన్‌లో. బురద మరకల మ్యాప్ ఫొటో తీసి పంపాను, ఏడో నంబర్ చుట్టూ గుండ్రంగా గీసి.