అలుగు ఆగాక చెరువులో చేపల లెక్క

నల్లగొండ, పాలమూరు చెరువుల్లో చేపలెన్నో తెలియాలంటే తూము తెరిచి నీళ్లన్నీ వదలక్కర్లేదు. మొదటి వలలో పడ్డవాటికి గుర్తు పెట్టి వదలాలి. రెండో వలలో గుర్తున్నవి ఎన్నో వంతో, చెరువు మొత్తంలోనూ దాదాపు అదే వంతు. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ 1896లో సముద్రపు చేపలతో, పక్షుల శాస్త్రవేత్త లింకన్ 1930లో అమెరికా బాతులతో చేసింది ఇదే.

120 రవ్వలకు గుర్తు పెట్టారనుకుందాం. వారం తర్వాత 150 పడ్డాయి, వాటిలో గుర్తువి 9. 120ని 150తో హెచ్చించి 9తో భాగిస్తే 2,000. గుర్తువి తక్కువ దొరికితే ఈ లెక్క ఎక్కువ చూపిస్తుంది. అందుకే చాప్‌మన్ సవరణ వాడాలి: మూడింటికీ ఒకటేసి కలిపి లెక్కేసి, చివర ఒకటి తీసేయాలి. 121 × 151 ÷ 10 − 1, అంటే 1,826. అయినా 95 శాతం భరోసాతో చెప్పగలిగేది 800 నుంచి 2,800 మధ్య అని మాత్రమే. ఇంత వెడల్పు హద్దులతో ఏ నిర్ణయమూ తీసుకోలేం. అదే 300కు గుర్తు పెట్టి, మళ్లీ 300 పట్టి, 49 గుర్తువి దొరికితే 1,811 వస్తుంది, హద్దులు 1,400, 2,200 దగ్గరికి వస్తాయి. ఒక్క రోజు వల ఎక్కువసార్లు లాగితే వచ్చే లాభం ఇది.

గుర్తుకు పొట్ట కింది ఎడమ రెక్క కొసను కత్తెరతో కొంచెం కత్తిరిస్తే చాలు. తోక జోలికి పోవద్దు, ఈత దెబ్బతింటుంది. చేతులు తడిపి పట్టాలి. ఎండెక్కకముందే పని ముగించాలి. తొట్టిలో ఉంచి, నిలకడగా ఈదుతున్నవాటినే వదలాలి. చచ్చినవాటిని 120లోంచి తీసేయాలి. వదిలాక తెలియకుండా చస్తే రెండో వలలో గుర్తువి తగ్గి, చెరువులో లేని చేపలు కాగితం మీద పుడతాయి. గుర్తున్నవీ లేనివీ ఒకే తీరున చస్తే మాత్రం ఇబ్బంది లేదు, లెక్క మొదటి వల నాటికి చెల్లుతుంది.

వదిలిన చోటే మళ్లీ వల లాగితే గుర్తువే ఎక్కువ పడి అసలు సంఖ్య తగ్గిపోతుంది. కాబట్టి చెరువంతా తిరిగి వదలాలి, అంతటా లాగాలి. రెండుసార్లూ వల కన్ను ఒకటే ఉండాలి. కన్నులోంచి జారే పిల్లలు ఈ లెక్కలోకి రావు. అలుగు పారుతుంటే అసలు మొదలుపెట్టొద్దు, చేపలు వచ్చిపోతుంటాయి. లెక్క జాతికొకటి వేయాలి. నాచులో దాక్కునే కొర్రమట్టను రవ్వలతో కలిపితే రెండూ తప్పుతాయి.

పులుల లెక్కకూ ఇదే పద్ధతి. అమ్రాబాద్ అడవిలో పులికి గుర్తు పెట్టే పని లేదు, చారలే గుర్తు. రెండు చదరపు కిలోమీటర్లకో చోట, దారికి అటూ ఇటూ రెండు కెమెరాలు కడతారు. ఎడమ పక్క చారలు కుడి పక్కవాటితో కలవవు, ఒక్క కెమెరానే ఉంటే ఒకే పులి రెండు పులులుగా నమోదు కావచ్చు.

మందల్లో తిరిగే చుక్కల దుప్పులకు ఇది సాగదు. తిన్నని గీత వెంట నడుస్తూ, కనిపించిన గుంపు దూరాన్ని, కోణాన్ని రాసుకోవాలి, అంచనా వాటి నుంచే వేస్తారు. కొలవాల్సింది అవి మొదట కనిపించిన చోటికి, బెదిరి పరుగెత్తి ఆగిన చోటికి కాదు.